వెనక సీటు చప్పుడు

మొన్న మా చెల్లెలి కూతుర్ని విమానం ఎక్కించడానికి కిరాయి కారు పిలిస్తే, బ్యాటరీతో నడిచే కారొకటి వచ్చి గేటు ముందు నిలబడింది. వచ్చిందని ఎవరికీ తెలియలేదు. డ్రైవరు ఫోన్ చేసి చెబితే గాని మేం బయటికి రాలేదు. "సౌండే ఉండదు మేడం, కూర్చుంటే నిద్రొస్తది" అన్నాడతను, ఆ నిశ్శబ్దాన్ని తనే తయారు చేసినంత గొప్పగా. నాకు నిద్ర రాలేదు సరికదా, శంషాబాదు దాటి విమానాశ్రయం రోడ్డెక్కేదాకా నా చెవులు కారు అడుగున ఏదో వెతుకుతూనే ఉన్నాయి. నేను తల ఒక పక్కకు వంచి కూర్చున్న తీరు చూసి పిల్ల నవ్వింది. "ఏంది పెద్దమ్మా, ఏం ఇంటున్నవ్?" అంది. ఏం లేదు బిడ్డా అన్నాను. కాని ఉంది. కారెక్కితే అడుగు నుంచి వచ్చే చప్పుడు వినడం నాకో జబ్బు. అది మా మేనమామ దగ్గర అంటుకుంది.

మామది శంషాబాదును ఆనుకుని ఉన్న పల్లె. తాతల నాటి నుంచి సేద్యం. పొలంలో కొంత విమానాశ్రయానికి పోయాక, మిగిలిన కాస్తా ఇంట్లో అందరి చేతులకూ పని చూపించలేదు. మామ అప్పటికే ట్రాక్టరు తోలడంలో ఆరితేరినవాడు కనుక, ఎవరో పెద్ద ఉద్యోగి వాడి వదిలేసిన పాత డీజిలు బండి ఒకటి కొని, ప్రయాణికులను తిప్పడం మొదలుపెట్టాడు. ముందు రెండు సీట్లు, మధ్యలో ముగ్గురికి ఒకటి, వెనక ఎదురెదురుగా రెండు బల్లసీట్లు ఉన్న పొడవాటి బండి అది. మేమంతా దాన్ని పెద్దబండి అనేవాళ్ళం. దాని ఇంజన్ ముందు ఉంటే, తిరిగే చక్రాలు వెనక ఉండేవి. ముందున్న బలాన్ని వెనక్కి మోసుకుపోవడానికి అడుగున పొడవాటి ఇనుప షాఫ్టు ఒకటి గిరగిరా తిరుగుతుండేది. లోపల ఎప్పుడూ డీజిలు వాసన, ఎండకు కాగిన రెగ్జిన్ వాసన, వాటి మీద జామపండ్ల వాసన. జామపండ్లు మా అత్తమ్మవి. ఇంటి వెనక చెట్టుకు కాసినవన్నీ బండిలో వేసి, ఎక్కిన వాళ్ళకల్లా పంచేది. విమానం ఎక్కడానికి సూటు వేసుకుని వచ్చిన పెద్దమనుషులు చేతిలో జామపండుతో దిగి వెళ్ళడం నేను చాలాసార్లు చూశాను.

నేను అప్పట్లో విమానాశ్రయం దగ్గరి ఒక హోటల్లో పక్కబట్టలు, తువాళ్ళు ఉతికే విభాగం చూసుకునేదాన్ని. మామ ఇంట్లోనే ఉండి, పొద్దున్నే మామ పక్క సీట్లో కూర్చుని డ్యూటీకి వెళ్ళేదాన్ని. దారంతా మామ చెవి గొప్పతనం గురించే పాఠం. నిజానికి ఊళ్ళో ఆ చెవికి పెద్ద పేరు. మంచం మీద పడుకునే, దూరాన పొలంలో బోరు నీళ్ళు తోడుతోందో గాలి తోడుతోందో చెప్పేవాడు. మోటారు సైకిళ్ళు, ఆటోలు వేసుకుని ఊళ్ళోవాళ్ళు వాకిట్లోకి వచ్చి, "జర ఇని చెప్పు బాపు" అని నిలబడేవాళ్ళు. మామ కళ్ళు మూసుకుని, గింజను చూసే కోడి లాగా తల పక్కకు వంచి విని, "చైను ఎండిపోయింది, నూనె పట్టియ్యి" అనో, "సైలెన్సర్ బోల్టు ఒదులైంది" అనో తీర్పు చెప్పేవాడు. డబ్బు తీసుకునేవాడు కాదు. ఆ ముఖంలో వెలుగే ఆయన కూలి.

అలాంటి మనిషి బండికే చప్పుడొచ్చింది.

మొదట చెప్పింది విజయవాడ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన. కుటుంబంతో సహా ఎక్కి, దిగేటప్పుడు మర్యాదగా, "ఏమీ అనుకోకండి, మీ బండి కింద ఏదో సన్నగా ఏడుస్తోందండీ, ఒకసారి చూపించుకోండి" అన్నాడట. మామ ఇంటికొచ్చి చెప్పులు విడవకముందే ఆ మాట ఎత్తుకున్నాడు. "ఏడుస్తదట! నా బండి ఏమన్న పాలు మరిచిన పోరడా ఏడ్వనీకి? మీదికెళ్ళి విమానం పోయుంటది, గదే ఇన్నడు." మా దగ్గర అదొక సౌకర్యం. ఏ చప్పుడునైనా ఆకాశం మీదికి నెట్టేయవచ్చు. ఏదో ఒక విమానం ఎప్పుడూ ఎక్కడమో దిగడమో చేస్తూనే ఉంటుంది.

తర్వాతి ఆదివారం ఆ ఏడుపు మా అత్తమ్మ వింది. అత్తమ్మ చర్చిలో పాట ఎత్తుకునే మనిషి. ఆమె మొదలుపెడితే మిగతా వాళ్ళంతా అందుకుంటారు. ప్రతి ఆదివారం పాటల గుంపులోని ఆడవాళ్ళందరినీ మామ పెద్దబండిలో ఎక్కించుకుని తీసుకెళ్ళేవాడు. ఆ రోజు వెనక బల్లసీట్లో ఇరుక్కుని కూర్చున్న అత్తమ్మ, బండి కాస్త వేగం అందుకోగానే చెయ్యెత్తి అందరినీ మాట్లాడకుండా ఆపింది. "గిది ఏంది సప్పుడు?" కుక్కరు కూత పెట్టే ముందు ఆవిరి సన్నగా లేస్తుంది చూడండి, అలాంటి సన్నని కూత. వేగం పెరిగితే పైకి పోతుంది, తగ్గితే దిగుతుంది, బాగా తగ్గితే ఆగిపోతుంది. ఇక ఒక్కొక్కరూ ఒక్కో మాట. బండిలోకి తుమ్మెద దూరిందని ఒకామె, చక్రంలో రాయి ఇరికిందని ఒకామె, డీజిల్లో నీళ్ళు కలిపి ఉంటారని మరొకామె. ముందు కూర్చుని నడుపుతున్న మామ మాత్రం, "ఏం లేదు, విమానం" అన్నాడు. అత్తమ్మ కిటికీలోంచి తల బయట పెట్టి చూసింది. ఆకాశంలో ఒక్క విమానం లేదు.

నేను కొన్నాళ్ళు మామ పక్షం. అది ముఖస్తుతి కాదు. రోజూ పొద్దున ముందు సీట్లో కూర్చుని వెళ్ళేదాన్ని నేనే కదా, నాకు ఏ కూతా వినిపించలేదు. హోటల్లో బట్టలుతికే పెద్ద యంత్రాల మధ్య పనిచేసేదాన్ని, ఏ యంత్రం బేరింగు అరిగిందో నాకు చప్పుడుతోనే తెలిసేది. అలాంటిది కారు ఏడిస్తే వినబడదా? అత్తమ్మతో అదే అంటే, "నీది గూడ మీ మామ చెవే" అని మూతి తిప్పింది. ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. అన్నం తినేటప్పుడు కూడా అదే చర్చ.

చివరికి పోరు పడలేక మామ బండిని కాటేదాన్ తీసుకెళ్ళాడు. అక్కడ ఫ్యాక్టరీల మధ్య సందులో ఒక పాత మెకానిక్ ఉండేవాడు. అందరూ ఉస్తాద్ అనేవారు. వేడి ప్లాస్టిక్ వాసన, రేకులు కొట్టే మోత, వాటి మధ్య స్టూలు మీద తాపీగా చాయ్ తాగుతూ ఉండేవాడు. ఉస్తాద్ బండి తీసుకుని ఒక్కడే చాలా దూరం తిప్పుకొచ్చాడు. "అన్నా, మక్ఖన్ లెక్క మెత్తగ పోతుంది. ఎవరో నిన్ను పరేషాన్ చేస్తున్నరు" అన్నాడు. మామ గెలిచిన మొహంతో ఇంటికొచ్చాడు. ఆదివారం మళ్ళీ కూత. ఈసారి బుద్వేల్‌లో ఇంకో మెకానిక్ దగ్గరికి పోతే, అతను వినకుండానే వెనక చక్రాల బేరింగులని తీర్మానించి మార్చేశాడు. మరుసటి ఆదివారం కూత ఇంకా శ్రావ్యంగా వచ్చిందని ఆడవాళ్ళు చెప్పారు.

అప్పుడు అత్తమ్మ ఒక మాట అంది. "ఆదివారమే వస్తది ఆ సప్పుడు. కడమ రోజుల్ల రాదు."

"ఏం, బండికి గూడ ఆదివారమే పాట యాదికొస్తదా?" అన్నాడు మామ.

"పాట గాదు, మనుషులు. మేం చర్చి కాడ దిగినంక జూసిన, బండి నోరు మూసుకుని పోయింది. మళ్ళ మేం ఎక్కితే మొదలైంది. ఆ విజయవాడాయన గూడ ఇంటిల్లిపాదితోని ఎక్కిండు గద."

నేను అన్నం కలుపుతున్నదాన్ని ఆగిపోయాను. ఎంత చిన్న సంగతి! నేను ఒక్కదాన్నే ముందు సీట్లో. ఉస్తాద్ ఒక్కడే. వెనక బరువు పడితేనే బండి కూస్తోంది. ఆ పూటకి నేను పార్టీ మారాను. మామ కూడా కాదనలేకపోయాడు గాని, "చూద్దాం పా" అని మాత్రం అన్నాడు.

నాకు సెలవున్న ఒక మధ్యాహ్నం మామ ఉస్తాద్‌ను ఇంటికి తీసుకొచ్చాడు. వెనక బల్లసీట్ల మధ్య బర్రెలకు తెచ్చిన తవుడు బస్తాలు వేశాం. చాలవేమోనని బస్తాలకు అటొకరు ఇటొకరు నేనూ అత్తమ్మా కూర్చున్నాం. "మనం గూడ బస్తాలమే ఇయ్యాల" అని అత్తమ్మ నవ్వింది. ఉస్తాద్ నడుపుతానన్నాడు. మామ పక్క సీట్లో కూర్చున్నాడు. అవుటర్ రింగు రోడ్డు సర్వీసు రోడ్డు ఖాళీగా, ఎండకు మెరుస్తూ ఉంది. రెండు పక్కలా ప్లాట్ల హద్దురాళ్ళు, దూరంగా గోదాముల నీలం రేకులు. బండి వేగం అందుకుంది. తవుడు దుమ్ము లేచి నాకు తుమ్మొచ్చింది. తుమ్మి తేరుకునే సరికి, కాళ్ళ కింద నుంచి సన్నగా, తీగ లాగినట్టు, కూత.

"వచ్చింది, వచ్చింది!" అని ఉస్తాద్ స్టీరింగు మీద చరిచాడు. "అన్నా, ఇన్నవా? సాఫ్‌గ ఇనొస్తుంది."

మామ తల పక్కకు వంచాడు. కళ్ళు మూసుకున్నాడు. ఎప్పటిలాగే. కాసేపు అలాగే ఉండి కళ్ళు తెరిచి, "ఏది?" అన్నాడు.

ఉస్తాద్ నవ్వబోయి ఆగాడు. "గిదే అన్నా. కీ... అని."

మామ కిటికీలోంచి ఆకాశం చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి మా ఇద్దరి ముఖాలూ చూశాడు. మా ముఖాల్లో ఏం కనిపించిందో నాకు తెలియదు గాని, అద్దంలో ఉస్తాద్ చూపు నా చూపు కలుసుకుని, ఇద్దరం పక్కకు తప్పించుకున్నాం. అత్తమ్మ ఒక్కతే తడబడలేదు. ముందుకు వంగి, మామ భుజం మీద చెయ్యి వేసి, గొంతు ఎంత పైకి పోతే అంత పైకి ఎత్తి ఆ కూతను తనే పాడి వినిపించింది. "గిట్ల వస్తుంది."

"నీది ఇనబడుతుంది," అన్నాడు మామ. "దానిదే ఇనబడ్తలేదు."

కూత సాగుతూనే ఉంది. ఉస్తాద్ మంచివాడు, ఏం జరగనట్టే తన పని మొదలుపెట్టాడు. గేరు తీసేసి బండిని ఊరికే దొర్లనిచ్చాడు. కూత పోలేదు. "ఇంజన్ది కాదు, గేర్లపెట్టెది కాదు" అన్నాడు. ఖాళీ రోడ్డు మీద పాము లాగా ఎడమకూ కుడికీ ఊపుతూ పోనిచ్చాడు. బస్తాలు నా మీద ఒరిగాయి. కూత మారలేదు. "చక్రాలది గూడ కాదు. బుద్వేల్ భాయి ఊకెనే మార్చిండు." ఇక మిగిలింది ముందుకూ వెనక్కూ మధ్య ఉన్నదే. అది చాలా పొడవు.

అప్పుడు మామ చెప్పు విడిచి అరికాలు బండి నేల మీద ఆనించాడు. తర్వాత నడుం వంచి, సీట్ల మధ్య ఉబ్బెత్తుగా ఉన్న చోట అరచెయ్యి పెట్టాడు. "నడిపియ్యి, ఆపకు" అని, జబ్బుపడ్డ బర్రె కడుపు తడిమినట్టు, చేతిని మెల్లగా వెనక్కి జరుపుతూ వచ్చాడు. మధ్య సీటు అంచు దగ్గరికి రాగానే చెయ్యి ఆగింది. "గీడ," అన్నాడు. "గీడ వణుకుతుంది. ముందుకు లేదు, ఎనకకు లేదు. గీ జాగలనే." గొంతులో గర్వం లేదు. తెలుసుకోవాలన్న ఆరాటం మాత్రం ఉంది. నేనూ చెయ్యి పెట్టి చూశాను. చీమలు పాకినట్టు సన్నటి జలదరింపు.

కాటేదాన్‌లో బండి పైకెత్తి చూస్తే సరిగ్గా ఆ చోటే. అడుగున తిరిగే షాఫ్టు రెండు ముక్కలుగా ఉంటుందట. రెండూ కలిసే చోట దాన్ని పట్టి ఉంచే బేరింగు ఒకటి, రబ్బరు తొడుగులో వేలాడుతూ ఉంటుందట. ఆ రబ్బరు చినిగిపోయింది, లోపలి గ్రీజు ఎండిపోయింది. బండి ఖాళీగా ఉంటే షాఫ్టు తిన్నగా, మాట్లాడకుండా తిరుగుతుంది. వెనక బరువు పడి బండి తోక దిగిందా, షాఫ్టు వాలు మారి ఆ ఎండు బేరింగు ఒరుసుకుని కూత పెడుతుంది. ఉస్తాద్ చినిగిన రబ్బరును చేతిలో పెడితే మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పాపం, ఎప్పటి సంది ఏడుస్తుందో" అన్నాడు. సాయంత్రానికి కొత్తది వేశారు. బస్తాలు, మేమూ మళ్ళీ ఎక్కి కూర్చుని, అదే రోడ్డు మీద తిరిగొచ్చాం. కూత లేదు.

"పోయిందా?" అని అడిగాడు మామ.

"పోయింది" అన్నాం ముగ్గురం.

"మీరు పోయిందంటే పోయినట్టే ఇగ."

ఆ మర్నాటి నుంచి మామ చాలా రోజులు బండి తీయలేదు. బండి తాళంచెవి మేకుకు తగిలించి, పెద్దబండి మీద తాటిపత్రి కప్పేశాడు. ఎవరైనా ఆటో తెచ్చి వాకిట్లో నిలబడితే, పని ఉందని పొలం వైపు వెళ్ళిపోయేవాడు. "ఇనబడనోడు పదిమంది పానం ఎట్ల మోస్తడు?" అని ఒకసారి అత్తమ్మతో అనడం విన్నాను. అత్తమ్మ వాదించలేదు. కొన్నాళ్ళుగా టీవీ చప్పుడు పెరుగుతోందని, ఒకటి అడిగితే ఇంకోటి చెబుతున్నాడని ఆమెకు తెలుసు. సంసారం అన్నాక మొగుడు వినకపోవడం మామూలే కదా, అది చెవి లోపమని ఎలా అనుకుంటాను అంది నాతో. ఒక పొద్దున ఆమే తాళంచెవి తీసి మామ చేతిలో పెట్టింది. "దవాఖానకు పోదాం. నేను ముందర కూసుంట. ఏం ఇనొచ్చినా నేను చెప్త, నువ్వు నడుపు." అన్నేళ్ళ పెళ్ళిలో అత్తమ్మ ఆ బండి ముందు సీట్లో కూర్చోవడం అదే మొదలు. అది ప్రయాణికుల సీటని ఆమె ఎప్పుడూ వెనక్కే వెళ్ళేది.

దవాఖానలో మామను చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు తొడుగులు పెట్టి, చప్పుడు వినిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. అద్దంలోంచి చూస్తున్నాం మేం. తల పక్కకు వంచి, పరీక్ష రాసే పిల్లవాడిలా చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. మాటలు, హారన్లు, లావు చప్పుళ్ళు బాగానే వినిపిస్తున్నాయని, సన్నటి చప్పుళ్ళే పోయాయని డాక్టరమ్మ చెప్పింది. ట్రాక్టరు మోత కొంత, వయసు కొంత. చెవికి మిషను పెట్టుకుంటే బండి నడపడానికి ఏ అడ్డూ లేదంది. "అమ్మా, బండికైతే బేరింగు మారుస్తరు. చెవికి మార్చరా?" అని అడిగాడు మామ. డాక్టరమ్మ నవ్వింది. ఇన్ని రోజుల తర్వాత మామ కూడా కొంచెం నవ్వాడు.

మిషను పెట్టించుకుని వస్తున్న రోజు నేను వెనక ఉన్నాను. మామ తాళం తిప్పి ఇంజన్ వేయగానే ఉలిక్కిపడి చెయ్యి తీసేశాడు. రోడ్డెక్కాక మరీ ఘోరం. కాస్త దూరం పోవడం, ఆపడం. "గిది ఏంది టకటక?" అంటే తలుపు. "గీ కిరకిర?" అంటే సీటు. "గంట ఎవరు కొడుతున్నరు?" అంటే అత్తమ్మ గాజులు. "గీ బండి గింత లొల్లి చేస్తదా?" అన్నాడు తెల్లబోయి. ఎప్పటి నుంచో చేస్తోందని అత్తమ్మ చెప్పింది. బండి ఏళ్ళు గడిచేకొద్దీ నెమ్మదస్తురాలైందని, తను బాగా చూసుకోవడం వల్లనే అని, అందరితో చెప్పుకున్న మనిషి మామ. సిగ్గుపడతాడనుకున్నాను. లేదు, ఆ నెలంతా పానా, స్క్రూడ్రైవరు పట్టుకుని ఒక్కో చప్పుడునూ వెతికి పట్టుకోవడంలో మునిగిపోయాడు. ఒక్కోటి దొరికినప్పుడల్లా మమ్మల్ని కేకేసి వినిపించేవాడు.

ఒక సాయంత్రం వాకిట్లో మంచం మీద కూర్చున్నాం. దీపాలు పెట్టే వేళ. మామ ఒక్కసారిగా చెయ్యెత్తి, "జర ఆగుండ్రి. గిది ఏంది, సన్నగ?" అన్నాడు. నేను బండి వైపు చూశాను. అది ఆగి ఉంది. మోటారు లేదు, విమానం లేదు. అత్తమ్మ కాసేపు విని, "కీచురాళ్ళు" అంది మామూలుగా. మామ ఆమె వైపు ఎలా చూశాడో నేను మరిచిపోలేను. విమానాలొచ్చాక ఊళ్ళో కీచురాళ్ళు పోయాయని, ఆ మోతకు పారిపోయాయని ఆయన ఎంతో మందికి చెప్పాడు. నమ్మాడు కూడా. "ఉన్నయా? ఎప్పటి సంది?" అన్నాడు. "ఎక్కడికి పోయినయి గనుక" అంది అత్తమ్మ. చీకటి పడేదాకా మామ లోపలికి రాలేదు.

తర్వాత కొన్నేళ్ళు పెద్దబండి నడిచింది, ముందు సీట్లో అత్తమ్మతో. ఇప్పుడు ఆ బండీ లేదు, మామా లేడు. నా చెవులకూ ఏళ్ళొచ్చాయి. వయసు మీద పడుతుందంటారు గాని, మీద పడితే చప్పుడు కావాలి కదా. అది మెల్లగా వచ్చి మన పక్కన కూర్చుంటుంది. వచ్చి ఎంతసేపైందో పక్కవాళ్ళు చెబితే గాని మనకు తెలియదు.